చాప పరిచి లాప్‌టాప్‌లు అమ్మిన రోజులు

పటాన్‌చెరు మెయిన్ రోడ్డు మీది మా లాప్‌టాప్ షాపులో అందరికంటే ఎక్కువ కష్టపడ్డది నేను కాదు. మా శేఠ్ అంతకన్నా కాదు. ఒక ఈతచాప. దాని మీద కూర్చున్నవాళ్లనూ, పడుకున్నవాళ్లనూ ఒక వరసలో నిలబెడితే ఆ వరస సంగారెడ్డి దాటి, జహీరాబాద్ మీదుగా కర్ణాటకలోకి పోయి, అక్కడ కన్నడంలో తోసుకోవడం మొదలుపెట్టేది. లాప్‌టాప్ షాపులో చాపేమిటని మీరు అడగాలి. అడగకపోయినా చెప్తాను. ఉద్యోగం మానేసిన మనిషికి చెప్పడం తప్ప వేరే పని లేదు.

నేను మానేసింది వయసైపోయి కాదు. యాభై దాటి ఎంతో కాలం కాలేదు. కానీ కౌంటర్ వెనక నిలబడీ నిలబడీ నా మోకాళ్లు నాకన్నా ముందే రిటైరయ్యాయి. వాటిని వదిలేసి నేనొక్కడినే డ్యూటీకి పోలేను కదా.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కంపెనీలవాళ్లు ఏసీ హాళ్లలో శిక్షణ ఇస్తున్నారు. మంచిదే. బిస్కెట్లు కూడా పెడతారు. కానీ ఆ శిక్షణలో చాప ఉండదు. అందుకే ఇది రాస్తున్నాను. ఏ ఏడు ఎన్ని అమ్మాను, ఎవరు నాకు కప్పు ఇచ్చారు అన్న సంగతులు రాయను. ఆ కప్పుల్లో మా ఆవిడ ఆవాలు, మెంతులు పోసుకుంది. వాటికి దక్కాల్సిన గౌరవం దక్కింది. సినిమాలు, సీరియళ్లు చూసుకోవడానికి లాప్‌టాప్ కావాలని వచ్చేవాళ్లకు ఏం ఇవ్వాలి, ఏం ఇవ్వకూడదు, ఆ రెండూ నాకు ఎవరు నేర్పారు, అంతవరకే.

శేఠ్ తూకం

మా నారాయణ శేఠ్‌ది సంగారెడ్డి. తాతల కాలం నుంచి కందిపప్పు, మిర్చి వ్యాపారం. ఫ్యాక్టరీల్లో జీతగాళ్లు పెరిగేసరికి పటాన్‌చెరులో లాప్‌టాప్ షాపు పెట్టాడు. సరుకు మారింది కానీ ఆయన చెయ్యి మారలేదు. కొత్త మోడల్ రాగానే రెండు చేతుల్లో పట్టుకుని, కళ్లు మూసుకుని, గాల్లో పైకీ కిందికీ ఆడించేవాడు.

"బరువుంది. లోపల మాల్ ఉంది," అనేవాడు.

కాగితంలా తేలిగ్గా ఉండే ఖరీదైన లాప్‌టాప్ వస్తే మాత్రం ఆయన గుండె చెరువయ్యేది. "ఇదేంది వెంకటేశం, అంతా పొల్లే ఉన్నట్టుంది. గింజ కట్టలే."

మంచి మనిషి. నాకు అన్నం పెట్టిన మనిషి. అయినా నిజం చెప్పాలి: ఆయన చూపించే చిలుకను మాత్రం నమ్మకండి. షాపులో ప్రతి లాప్‌టాప్‌లోనూ ఒకే వీడియో పెట్టేవాడు. జలపాతం ముందు నుంచి ఎర్రదీ పచ్చదీ కలిసిన ఒక చిలుక ఎగురుకుంటూ వస్తుంది. వెలుగు పూర్తిగా పెంచి పెడితే ఆ చిలుక ఏ తెర మీదనైనా అందంగా ఉంటుంది. ఇటుక మీద వేసినా అందంగానే ఉంటుంది. జనం నోరు తెరుచుకుని చూసి కొనుక్కుపోయేవారు. ఇంటికి పోయి సినిమా పెడితే అందులో చిలుక ఉండదు. హీరో చీకటి గోదాంలో దెబ్బలు తింటూ ఉంటాడు. మన సినిమాల్లో విలన్లు ఎంత ఆస్తి ఉన్నా కరెంటు బిల్లు కట్టరు. నాసిరకం తెర మీద ఆ గోదాం మొత్తం బొగ్గు బస్తా అయిపోతుంది. ఎవరు ఎవరిని కొడుతున్నారో కొట్టించుకునేవాడికి కూడా తెలియదు.

కాబట్టి మొదటి మాట. షాపువాడి వీడియో చూసి తెరను ఎంచుకోనివ్వకండి. కొనేవాళ్లకు నచ్చిన సినిమాలో అన్నిటికంటే చీకటి సీను పెట్టించండి. ఆ చీకట్లో హీరో చొక్కా గుండీలు కనిపిస్తే అది తెర.

సినిమా పెట్టినప్పుడు పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి. సినిమా వెడల్పు వేరు, తెర వెడల్పు వేరు కాబట్టి వస్తాయి. ఈ మధ్య వస్తున్న కొంచెం ఎత్తు తెరల్లో అవి ఇంకా లావుగా ఉంటాయి. ఆఫీసు కాగితాలు చదువుకునేవాళ్లకు ఎత్తు తెర మంచిది. సినిమాలకే అయితే వెడల్పు తెర చాలు. ఈ సంగతి ముందే చెప్పకపోతే మర్నాడు తగాదాకు వస్తారు. శేఠ్‌తో ఒకాయన అట్లాగే తగాదా పెట్టుకున్నాడు.

"సగం తెర నల్లగనే ఉంటె నేను పూర పైసలెందుకియ్యాలె?"

శేఠ్ ఏమాత్రం తడుముకోలేదు. "అంచు లేని చీర కొంటవా నువ్వు?"

ఆ మనిషి వెళ్లిపోయాడు. వాదనలో గెలిచాం. కానీ ఆయన మళ్లీ మా షాపు మెట్టెక్కలేదు. కొనేవాళ్లతో వాదనలో గెలవడం ఈ వ్యాపారంలో అన్నిటికంటే పెద్ద నష్టం.

చాప ఎట్లా వచ్చింది

సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాలు తయారుచేసే దగ్గర ఆపరేటర్‌గా చేసే ప్రవీణ్ అనే కుర్రాడు ఉండేవాడు. నైట్ షిఫ్ట్ కాబట్టి పగలు సినిమాలు చూస్తాడు. రేకుల గది, ఎదురుగా తలుపు, తలుపులోంచి సూర్యుడు నేరుగా లోపలికి వచ్చి కిరాయి ఇవ్వకుండా ఉంటాడు. అతనికి శేఠ్ అద్దంలా మెరిసే తెర ఉన్న లాప్‌టాప్ అంటగట్టాడు. వారం తిరక్కుండా ప్రవీణ్ వచ్చాడు.

"సినిమా మంచిగ కనవడ్తలేదా?" అన్నాను.

"సినిమా కాదన్నా, నేను కనవడ్తున్న. హీరో జెర చీకట్ల నిలవడంగనే నా మొకమే వస్తది. ఆడు తల్లి పోయిందని ఏడుస్తుంటె, ఆని జాగల నేను అన్నం తింటున్న. హీరోయిన్ వచ్చి నన్నే పట్టుకున్నట్టున్నది."

"మరింకేంది," అన్నాడు శేఠ్. "సినిమాల యాక్ట్ చేసినట్టే గద."

ఆ రోజే నేను ఇంటి నుంచి చాప తెచ్చి షట్టర్ దగ్గర, సరిగ్గా ఎండ పడేచోట పరిచాను. ప్రవీణ్‌ను గదిలో ఎట్లా కూర్చుంటాడో అట్లా కూర్చోమన్నాను. మెరిసే తెర ఒకటి, మెరవని తెర ఒకటి పక్కపక్కన పెట్టాను. మెరవని తెర మీద హీరో హీరోగానే ఉన్నాడు. ప్రవీణ్ దాన్ని మార్చుకుపోయాడు.

అప్పటి నుంచి అదే పద్ధతి. ఎవరొచ్చినా ఒకటే ప్రశ్న: ఇంట్లో ఎట్లా చూస్తరు, ఇక్కడ చూపించండి. మొదట్లో సిగ్గుపడేవారు. తర్వాత ఒక హెడ్‌మాస్టరు గారు ఇస్త్రీ చొక్కాతో చాప మీద పక్కకు ఒరిగి, అరచేతిలో తల పెట్టుకుని, శేషశాయిలాగా అరగంట సీరియల్ చూశారు. దాంతో అందరి సిగ్గూ పోయింది. రోడ్డు మీద పోయేవాళ్లు మనుషులు పడుకుని ఉండటం చూసి ఉచిత వైద్య శిబిరమనుకున్నారు. ఒక ముసలమ్మ లోపలికి వచ్చి చెయ్యి చాపింది. శేఠ్ నాడి పట్టుకుని కాసేపు చూసి, "మంచిగున్నవ్ తల్లీ" అని పంపించాడు. ఆమె మళ్లీ నెలకు కూడా వచ్చింది. ఆయన మీద గురి కుదిరింది.

కంపెనీ పుస్తకంలో లేనివన్నీ ఆ చాపే చెప్పింది. పడుకుని చూసేవాళ్లకు మూత బాగా వెనక్కి వాలాలి. వాలకపోతే సినిమా అంతా హీరోల మోకాళ్లే చూస్తారు. పొట్ట మీద పెట్టుకునేవాళ్లకు ఫ్యాను చప్పుడు, అడుగు వేడి తక్కువ ఉండాలి. స్పీకర్లు అడుగున ఉన్న లాప్‌టాప్‌ను బొంత మీద పెడితే హీరో బొంతతో మాట్లాడతాడు, మనతో కాదు. కీబోర్డు పక్కన, పైకి చూసే స్పీకర్లే నయం. పక్కన ఇంకొకళ్లు కూర్చునేవాళ్లయితే ఏ పక్క నుంచి చూసినా రంగు మారని తెర కావాలి. నాసిరకం తెరను పక్క నుంచి చూస్తే హీరోయిన్ ముఖం ఎక్స్‌రే తీసినట్టుంటుంది.

ఇక లోపలి సంగతి. సినిమా నడపడానికి పెద్ద బుర్ర అక్కరలేదు. ఇప్పుడొచ్చే మామూలు ప్రాసెసర్ చాలు. ఎనిమిది జీబీ ర్యామ్ చాలు. ఎస్‌ఎస్‌డీ ఉండాలి. తెర ఫుల్ హెచ్‌డీ ఉంటే చాలు, అంత చిన్న తెరలో అంతకు మించిన చుక్కలు లెక్కపెట్టడానికి గద్ద కళ్లు కావాలి. టీవీకి తగిలించుకునే హెచ్‌డీఎంఐ ఉందో లేదో చూడండి. శేఠ్ మాత్రం బరువు ఎక్కువని అందరికీ గేములాడే లాప్‌టాప్ చూపించేవాడు. సీరియల్ చూడటానికి అది కొనడమంటే పాలప్యాకెట్ తేవడానికి లారీ తోలుకుపోయినట్టు. పైగా ఆ ఫ్యాను. ఎడారి సీనులో కూడా వాన పడుతున్నట్టే ఉంటుంది.

ఇదంతా తెలిసినా నాకు తెలియనిది ఒకటుంది. అది మల్లేశం, అనసూయమ్మ నేర్పారు.

మిషన్‌కా, మనిషికా

మల్లేశంది కర్దనూర్. ఒక ఫ్యాక్టరీలో ఎయిర్ కంప్రెషర్ ఆపరేటర్. అదొక గది నిండా ఉండే ఇనుప ఏనుగు, పగలూ రాత్రీ ఘీంకరిస్తూనే ఉంటుంది. దానితో పాటు ఉండీ ఉండీ మల్లేశం గొంతు కూడా ఏనుగంత అయింది. ఆయన "నమస్తే" అంటే ఎదురు షాపు వాళ్లు తిరిగి నమస్కారం పెట్టేవారు.

ఒక మధ్యాహ్నం లాప్‌టాప్‌ను తువ్వాలలో చుట్టుకుని, జ్వరమొచ్చిన పిల్లను తెచ్చినట్టు తెచ్చాడు. వెనక భార్య అనసూయమ్మ, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది.

"సార్, దీని గొంతు పోయింది. కొన్నప్పుడు ఖంగుమంటుండె. ఇప్పుడు పూర పెంచినా గుసగుస పెడ్తుంది."

"మిషన్‌కేం కాలేదన్నా," అంది అనసూయమ్మ. "నాకు మంచిగనే ఇనవడ్తుంది. పోయింది ఈయన చెవులు. కంప్రెషర్ మింగింది."

"నువ్ ఊకో."

"ఊకున్నా ఇనవడదు, మాట్లాడినా ఇనవడదు. ఊకొని ఏం ఫాయిదా?"

వాళ్లిద్దరికీ ఒప్పందం కుదిరిందట. మిషన్ బాగానే ఉందని నేను చెప్తే మల్లేశం మర్నాడే చెవుల డాక్టరు దగ్గరికి పోవాలి. ఆ మాట చెప్తున్నప్పుడు ఆయన గొంతు మొదటిసారి మామూలు మనుషుల గొంతంత అయింది.

"ఫ్యాక్టరీల అందరికీ మెడికల్ చెకప్ ఉంది సార్ గీ నెల. చెవులు పోయినయని రాస్తే కంప్రెషర్ కాడ ఉండనియ్యరు, గేట్ కాడ కుర్సీ ఏసి కూసోవెడ్తరు. దాని సప్పుడు ఇని కడుపుల నొప్పెక్కడుందో చెప్త నేను. గీ చెవులు లేకుంటె నేనెందుకు సార్?"

శేఠ్ అప్పటికే లాప్‌టాప్‌ను తువ్వాల నుంచి తీసి అరచేతుల్లో ఆడించాడు. "బరువు తగ్గలే. మాల్ అట్లనే ఉంది. స్పీకర్ల సెట్ కొత్తది తీసుకో మల్లేశం, పెడితే గోడలు పగుల్తయ్."

నేను చాప పరిచాను. ఇంట్లో ఎట్లా చూస్తారో అట్లాగే కూర్చోమన్నాను. ఒక అట్టపెట్టె బోర్లించి దాని మీద లాప్‌టాప్ పెట్టారు. కుడివైపు మల్లేశం, ఎడమవైపు అనసూయమ్మ, ఇద్దరి తలల మధ్య జానెడు దూరం. ఇంట్లో వాళ్లు మళ్లీ మళ్లీ చూసే సినిమానే పెట్టారు. సౌండ్ పూర్తిగా పెంచినా, దుప్పటి కింద చీమ మాట్లాడుతున్నట్టు ఉంది. నేను వాళ్ల వెనక గొంతుక్కూర్చుని, మెడ కొంగలా చాచి విన్నాను.

తెర మీద హీరో బస్సెక్కుతూ హీరోయిన్‌తో, "నేను తిరిగొచ్చేదాకా ఈ విషయం ఎవరికీ చెప్పకు" అన్నాడు.

"ఏమంటుండే?" అన్నాడు మల్లేశం.

అనసూయమ్మ రెప్ప కూడా వేయలేదు. "'రేపటి సంది బట్టలు నేనే ఆరేస్త' అంటుండు."

"మంచోడు," అన్నాడు మల్లేశం, తల ఊపుతూ.

విలన్ వచ్చాడు. మీసాలు స్కూటర్ హ్యాండిల్ అంత ఉన్నాయి. కర్ర ఎత్తి, "తెల్లారేసరికి ఊరు ఖాళీ చెయ్యాలి" అన్నాడు.

"ఈడేమంటుండు?"

"'తంబాకు మానకుంటె పండ్లన్ని ఊడ్తయ్' అంటుండు."

మల్లేశం గర్వంగా నా వైపు తిరిగాడు. "గీని మాట ఇనే నేను తంబాకు బంద్ చేసిన సార్. ఎనకటి సినిమాలల్ల విలన్లకు గింత బుద్ధి లేకుండె. గీ నడుమ మంచిగ తీస్తున్రు."

నేను అనసూయమ్మ వైపు చూశాను. ఆమె నా వైపు చూసింది. ఆ చూపులో ఒక అర్జీ ఉంది, దాని మీద సంతకం కూడా ఉంది.

నిజామాబాద్ సరుకు

లాప్‌టాప్‌ను దీపం కిందికి తెచ్చి భూతద్దం పెట్టి చూశాను. కీబోర్డుకు రెండు పక్కలా స్పీకర్ల చిల్లులు ఉండాలి. ఒక్కటీ లేదు. అన్నీ పూడిపోయి సిమెంటు చేసిన నేలలా ఉన్నాయి. గుండుసూదితో గీరితే పచ్చటి పొడి రాలింది. శేఠ్ చిటికెడు తీసుకుని వాసన చూశాడు.

"పసుపు," అన్నాడు. మళ్లీ వాసన చూసి, "నిజామాబాద్ సరుకు. మంచి మాల్. కొబ్బరి నూనె సుత కలిసింది."

నారాయణ శేఠ్ దగ్గర ఇన్నేళ్లు పనిచేసి, ఆయన ఒక లాప్‌టాప్ రోగం సరిగ్గా కనిపెట్టడం అదొక్కసారే చూశాను.

"దీనికి పసుపు పెట్టిన్రా?" అని అడిగాను.

"దసరాకు పూజ చేసిన సార్," అన్నాడు మల్లేశం, అందులో అడగాల్సిందేముందన్నట్టు. "కంప్రెషర్‌కు ఎట్ల చేస్తనో గట్లనే. రెండు దిక్కుల పసుపు పట్టీలు, నొసట కుంకుమ. మిషన్ మిషనే గద."

నొసలంటే కెమెరా. వీడియో కాల్ చేస్తే లోకమంతా ఎర్రగా కనిపించేదట. ఎండాకాలం అనుకున్నారు.

మా ఫ్యాక్టరీల బెల్టులో ఆయుధ పూజ నాడు పసుపు కుంకుమ లేని యంత్రం ఉండదు. లేతుకు పెడతారు, బాయిలర్‌కు పెడతారు, ఫోర్క్‌లిఫ్ట్‌కు నిమ్మకాయలు కడతారు. ఇనుప రేకు పసుపును ఏమీ అనదు. లాప్‌టాప్‌కు చిల్లులున్నాయి, అది మింగింది. దసరాతో ఆగినా బతికేది. అనసూయమ్మ ప్రతి శుక్రవారం తన వంతు ఒక బొట్టు పెట్టి, కొబ్బరి నూనె గుడ్డతో మెరిసేట్టు తుడిచింది. అందుకే సౌండ్ ఒక్కసారిగా పోలేదు. వారం వారం భక్తి కొద్దీ తగ్గుతూ వచ్చింది. ఆమె చెవులు ఇంటి చెవులు, చీమ మాట కూడా పట్టుకుంటాయి. ఆయన చెవులు ఏనుగుకు అలవాటు పడ్డవి.

స్పీకర్ల సెట్ చూపించడానికి శేఠ్ మల్లేశాన్ని షాపు ఆ చివరకు తీసుకుపోయాడు. బేరం చచ్చిపోయినా ఆయన ఆశ చావదు. అనసూయమ్మ కౌంటర్ దగ్గరికి వచ్చింది.

"అన్నా, నువ్ ఇన్నవ్ గద."

"ఇన్న చెల్లె."

"మా ఆయన కంప్రెషర్ తోటి మాట్లాడ్తడు, నాతోటి మాట్లాడడు. డ్యూటీకెల్లి వచ్చుడు, తినుడు, పండుకునుడు. సౌండ్ తగ్గినంక 'ఏమంటుండు, ఏమంటుండు' అని నా దిక్కు తిరుగుడు షురూ చేసిండు. మొదలు ఉన్నదున్నట్టే చెప్పిన. తర్వాత నోరు ఊకుంటదా అన్నా?"

"ఇప్పుడు నేను సాఫ్ చేస్తే దొరికిపోతవ్."

ఆమె షాపు ఆ చివరకు చూసింది. మల్లేశం, శేఠ్ పెట్టిన స్పీకర్ వైపు చెవి తిప్పి, కళ్లు గట్టిగా మూసుకుని, అది ఎంత దూరం నుంచి వినపడుతుందో ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ తనను తానే పరీక్ష చేసుకుంటున్నాడు. ఆమె నవ్వు ఆగిపోయింది.

"చెవులు పోయినయేమోనని ముద్ద దిగుతలేదన్నా ఆయనకు. పరాచకానికి అన్న గాని, గింత భయపడ్తున్నడని నాకు ఎర్కలేదు. దొరికితే దొరుకుత. సాఫ్ చెయ్."

వెనక మూత విప్పి, స్పీకర్లు బయటికి తీసి, మెత్తటి బ్రష్‌తో, స్పిరిట్‌తో శుభ్రం చేశాను. వచ్చిన పసుపుతో ఒక పెళ్లి పందిరికి సరిపడా పులిహోర కలపొచ్చు. శేఠ్ దాన్ని కాగితంలో పొట్లం కట్టబోతుంటే ఆపాను. మళ్లీ బిగించి, చాప మీద వాళ్లను ఎప్పట్లాగే కూర్చోబెట్టి, అదే సీను పెట్టాను.

"తెల్లారేసరికి ఊరు ఖాళీ చెయ్యాలి," అన్నాడు విలన్. ఎదురు షాపు వాళ్లు నిజంగానే బయటికొచ్చి చూశారు.

"ఇనవడ్డది," అన్నాడు మల్లేశం. లేచి నిలబడ్డాడు. "నాకు ఇనవడ్డది సార్. ఊరు ఖాళీ చెయ్యాలన్నడు. ప్రతి ముక్క ఇనవడ్డది." నా చేతులు పట్టుకుని ఊపాడు. నా భుజాలు ఇప్పటికీ ఆ సంగతి మర్చిపోలేదు.

తర్వాత ఆయన ముఖం మీదికి ఒక ఆలోచన రావడం మొదలైంది. మేడ్చల్ రోడ్డు మీద లోడు లారీ ఎత్తు ఎక్కినట్టు నెమ్మదిగా వచ్చింది.

"మల్ల ఎనకకు పెట్టు సార్."

పెట్టాను. తెల్లారేసరికి ఊరు ఖాళీ చెయ్యాలి.

"తంబాకు మాట ఏది?"

అనసూయమ్మ సీలింగ్ ఫ్యాను రెక్కలు ఎన్ని ఉన్నాయో చూస్తోంది. "గది ఇంకో సీన్ల ఉంటది."

"బట్టలు ఆరేస్త అన్నది?"

"గది సుత."

"సెన్సారోళ్లు కట్ చేసిండొచ్చు," అన్నాడు శేఠ్. ఆయనకు ఏమీ తెలియదు, కానీ సమయానికి ఆదుకున్నాడు.

మల్లేశం మూత మూశాడు. లాప్‌టాప్‌ను తువ్వాలలో చుట్టుకున్నాడు. ఇక ముందు బొట్టు పెట్టాలంటే మూత మీద ఒక్కటి పెట్టండి, చిల్లుల జోలికి పోకండి అని చెప్పాను. సరేనన్నాడు. మెట్లు దిగుతుంటే వాళ్ల మాటలు వినపడ్డాయి. ఆయన గొంతుకు అది తప్పదు.

"మరి హీరో తల్లి సచ్చిపోయేటప్పుడు, 'కోడలిని పుట్టింటికి తోలు బిడ్డా' అన్నది?"

"గది నిజంగనే అన్నది."

"నిజంగనా?"

"దాదాపు."

సౌండ్ తగ్గించే మార్గం

కొన్నాళ్లకు మల్లేశం ఒక్కడే వచ్చాడు. చేతిలో జిలేబీ పొట్లం. మెడికల్ చెకప్‌లో చెవులు పాసయ్యాయట. డాక్టరు గుసగుసగా అడిగిన వాటికి కూడా జవాబు చెప్పాడట. ఆ జవాబుకు డాక్టరు చెవులు ఏమయ్యాయో నేను అడగలేదు. కంప్రెషర్ ఆయనది ఆయనకే ఉంది.

జిలేబీ తిన్నాం. అయినా కదలడం లేదు. కౌంటర్ మీద గోటితో గీతలు గీస్తున్నాడు.

"సౌండ్ మంచిగ వస్తుందా?" అన్నాను.

"మస్తుగ వస్తుంది సార్. అన్నీ ఇనవడ్తున్నయ్. గానీ సినిమాలే మంచిగుంటలేవు."

"ఏమైంది?"

"ఆ హీరో ఏమంటుండో ఎర్కైనంక, ఆనికి నాకు సంబంధం లేదనిపిస్తుంది. మా ఆమె చెప్పే సినిమాల నేను సుత ఉంటుంటి. ఇప్పుడు ఆమె సప్పుడు చేస్తలేదు. ఇద్దరం గోడకు ఆనుకొని చూస్తున్నం, అంతే." గొంతు తగ్గించాడు, అంటే శేఠ్‌కు మాత్రమే వినపడేంత. "జెర ఆ సౌండ్ తగ్గే మార్గం ఏమన్న ఉందా సార్?"

"బటన్ నొక్కితే తగ్గుతది గద మల్లేశం."

"నేను నొక్కితే ఆమెకు ఎర్కైతది. మిషనే తగ్గినట్టుండాలె."

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు ఇప్పటిదాకా తెర గురించి చెప్పాను, స్పీకర్ల గురించి, మూత గురించి, ఫ్యాను గురించి చెప్పాను. అవన్నీ నిజమే, మర్చిపోకండి. కానీ అమ్మే ముందు ఇంకొకటి అడగండి. పక్కన ఎవరు కూర్చుంటారు? అది తెలిశాక మిగతావన్నీ అడగండి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కరే చూసుకునే మనిషికి ఇచ్చే సలహా, రెండు తలల మధ్య జానెడు దూరం ఉండేవాళ్లకు ఇవ్వకూడదు.

నేను అటూ ఇటూ చూసి, మల్లేశాన్ని దగ్గరికి పిలిచాను. "శుక్రవారం పూజ బంద్ చేసిన్రా?"

"చిల్లుల జోలికి పోవద్దని మీరే అంటిరి."

"అన్న. కానీ మిషన్ మిషనే గద. మర్యాద తక్కువ చేస్తే మంచిది కాదు."

మల్లేశం ముఖంలో బాయిలర్ వెలిగింది. మిగిలిన జిలేబీ కూడా నాకే వదిలేసి పోయాడు. సర్వీసు చరిత్రలో అటువంటి సలహా ఏ సాంకేతిక నిపుణుడూ ఇచ్చి ఉండడు. నేను ఇచ్చాను. పశ్చాత్తాపం లేదు.

నా ఉద్యోగం చివరి వారంలో అనసూయమ్మ ఫోన్ చేసింది.

"అన్నా, మల్ల సౌండ్ తగ్గింది."

"తీసుకరా చెల్లె. సాఫ్ చేసి ఇస్త."

అవతల చెంగు చాటున ఆపుకున్న నవ్వు వినపడింది. ఈసారి పసుపు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఆమెకు అర్థమైందని నాకు అర్థమైంది. ఆ వెనక నుంచి కర్దనూర్ అంతటికీ వినపడే గొంతు ఒకటి వచ్చింది.

"ఏమంటుండే వెంకటేశం సారు?"

"'మిషన్ మంచిగనే ఉంది, ఐతారం ఆమెను పుట్టింటికి తోల్కపో' అంటుండు."

"మంచోడు," అన్నాడు మల్లేశం.